ర్యాంప్ చివర ఆగిపోయిన టేకాఫ్: ఒక కేస్ స్టడీ

నవంబర్‌లో ఒక శనివారం, మధ్యాహ్నం మూడు కావస్తుండగా, లుకౌట్ మౌంటెన్ కొండ అంచున, పరుగెత్తి గాల్లోకి దూకే ర్యాంప్ మీద హ్యాంగ్ గ్లైడర్ భుజాలకెత్తుకుని నిలబడ్డాను. వేలాడటానికి వేసుకునే పట్టీల తొడుగు, హార్నెస్, ఒంటి మీద ఉంది. హెల్మెట్ బకిల్ పెట్టుకున్నాను. రేడియో ఆన్‌లో ఉంది. ఎదురుగాలి బాగుంది. లోపం ఒక్కటే. నన్నూ గ్లైడర్‌నీ కలపాల్సిన కారబైనర్, అంటే లాక్ ఉన్న లోహపు కొక్కెం, నా వీపు వెనకాల గాల్లో ఊగుతోంది.

ఇంకో నాలుగైదు సెకన్లయితే పరుగు మొదలుపెట్టేవాణ్ణి. పెట్టలేదు కాబట్టే ఇది రాస్తున్నాను. ఇంతకాలం దీన్ని మా పైలట్ల మధ్య నోటిమాటగానే చెప్పుకున్నాం. అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్లు కొందరు ఈమధ్య ఈ ఆట నేర్చుకుంటున్నారు. వాళ్లకి పనికొస్తుందని తెలుగులో వివరంగా పెడుతున్నాను.

పైలట్ నేనే. ఈ కొండ మీద తొమ్మిదేళ్లుగా ఎగురుతున్నాను. మూడొందల పైచిలుకు ఫ్లైట్లు, ఇంటర్మీడియట్ రేటింగ్. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

కొండ, గాలి

లుకౌట్ మౌంటెన్ అంటే ఒక శిఖరం కాదు. టెనెసీలోని చాటనూగా దగ్గర మొదలై, జార్జియా మూల మీదుగా అలబామాలోకి దిగే పొడవాటి కొండ వరుస. పైన బల్లపరుపుగా ఉంటుంది, ఇళ్లూ రోడ్లూ ఉంటాయి. పడమటి అంచు మాత్రం గోడలా తెగిపోతుంది. ఆ అంచు మీద, జార్జియా వైపు రైజింగ్ ఫాన్ ఊరి పరిధిలో, మెక్‌కార్టీస్ బ్లఫ్ అనే చోట కాంక్రీట్ ర్యాంప్ ఉంది. 1978 నుంచి అక్కడ హ్యాంగ్ గ్లైడర్లు ఎగురుతున్నాయి. ర్యాంప్ నుంచి కింద లోయలో దిగే పొలానికి సుమారు 1300 అడుగుల తేడా. అట్లాంటా నుంచి కారులో రెండు గంటలు.

పడమర గానీ వాయవ్యం గానీ గాలి వీస్తే అది ఈ గోడకి కొట్టుకుని పైకి లేస్తుంది. గ్లైడర్ మామూలు గాలిలో సెకనుకి ఒక మీటరు చొప్పున దిగుతూ ఉంటుంది. గోడ ముందు గాలి అంతకంటే వేగంగా లేస్తుంటే గ్లైడర్ దిగదు, పైకే పోతుంది. గాలి ఆగేదాకా కొండ అంచు వెంట అటూ ఇటూ తిరుగుతూ గంటలు గడపొచ్చు. దీన్నే రిడ్జ్ సోరింగ్ అంటారు. మాకంటే ముందు ఇక్కడి రాబందులు దీన్ని కనిపెట్టాయి. ఇప్పటికీ గాలి ఎలా ఉందో తేలకపోతే వాటినే చూస్తాం. రెక్క కొట్టకుండా అంచు వెంట తేలుతున్నాయంటే గ్లైడర్లు విప్పుకోవచ్చు.

ఆ ముందురోజు చలిగాలుల ఫ్రంట్ దాటిపోయింది. అలాంటి మర్నాడు వాయవ్య గాలి పడుతుంది. శనివారం పొద్దున గంటకి 15 మైళ్ల వేగం, మధ్యాహ్నానికి 18, మధ్యమధ్యలో 20 దాటే గస్ట్‌లు, అంటే ఉన్నట్టుండి విసిరే గాలులు. ఆకాశం కడిగినట్టుంది. నవంబర్ కాబట్టి ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. ఇక్కడి విమానయాన నిబంధనల్లో మాకు వర్తించే 103వ భాగం ప్రకారం ప్రత్యేక హెచ్చరిక లైటు లేకుండా సూర్యాస్తమయం తర్వాత ఎగరకూడదు. అంటే మంచి గాలి, తక్కువ టైమ్, ఎక్కువమంది పైలట్లు. ర్యాంప్ ఒకటే. క్యూలో చిన్న తొందర, ఎవరూ పైకి అనని తొందర, పొద్దుటి నుంచే ఉంది. ఈ కేసులో మొదటి కారణం అదే అని నా అంచనా.

హ్యాంగ్ చెక్ అయింది

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. హ్యాంగ్ గ్లైడర్‌కి స్టీరింగ్ లేదు. అల్యూమినియం గొట్టాల చట్రానికి బిగించిన రెక్క, దాని కింద త్రికోణాకారంలో కంట్రోల్ ఫ్రేమ్, అంతే. పైలట్ హార్నెస్‌లో బోర్లా వేలాడుతూ, ఫ్రేమ్ అడుగు బార్ పట్టుకుని తన ఒంటిని అటూ ఇటూ జరుపుతాడు. ఆ బరువే స్టీరింగ్. వేలాడటం అంతా ఒక్క చోటి నుంచే. రెక్క నడిమి గొట్టానికి కట్టిన స్ట్రాప్‌లో హార్నెస్ కారబైనర్ తగిలిస్తారు. స్ట్రాప్‌కి తోడుగా రెండో స్ట్రాప్ ఉంటుంది, తెగితే ఆదుకోవడానికి. తగిలించడమే మర్చిపోతే ఆ రెండో స్ట్రాప్ ఏం చేస్తుంది?

అందుకే ఎగిరే ముందు హ్యాంగ్ చెక్ చేస్తాం. ఒకరు గ్లైడర్ ముక్కు పట్టుకుంటే పైలట్ హుక్ అయి పూర్తిగా వేలాడి చూస్తాడు. అడుగు బార్‌కి తన ఛాతీ ఎంత ఎత్తులో ఉంది, స్ట్రాప్ మెలిపడిందా, కారబైనర్ లాక్ అయిందా, తొడల చుట్టూ లెగ్ లూప్స్ రెండూ వేసుకున్నాడా, ఇవన్నీ అప్పుడే చూస్తారు.

ఆ రోజు రెండు గంటలకి నా హ్యాంగ్ చెక్ అయింది. ముక్కు పట్టుకున్నది నాతోపాటు వచ్చిన నెల్లూరు కుర్రాడు. అప్పటికి ట్రైనింగ్ కొండ మీద చిన్న చిన్న ఫ్లైట్లు చేస్తున్నాడు, పెద్ద కొండ నుంచి ఇంకా దూకలేదు. చెక్‌లో ఏ లోపమూ లేదు. హుక్ అయి ఉండగానే గ్లైడర్‌తో క్యూలోకి వచ్చాను. నా ముందు ముగ్గురున్నారు.

ఇక్కడి నుంచి ఒక్కో మెట్టు నిదానంగా చెప్తాను.

అంత గాలిలో ర్యాంప్ మీద పైలట్ ఒక్కడే గ్లైడర్‌ని నిలపలేడు. ముందు ఒకరు ముక్కుకి కట్టిన నోస్ వైర్లు, పక్కల ఇద్దరు రెక్కలకి కట్టిన సైడ్ వైర్లు పట్టుకోవాలి. మనుషులు తక్కువయ్యారు. "ఎవరైనా ఒక సైడ్ వైర్ పట్టండి" అని ర్యాంప్ మీంచి కేకేశారు. నేనే దగ్గర్లో ఉన్నాను. పాతిక కిలోల గ్లైడర్ వీపున వేసుకుని ఆ పని చేయలేను కదా. కారబైనర్ విప్పాను. గ్లైడర్ ముక్కు నేలకి వంచి కుర్రాడికి అప్పగించాను. హార్నెస్ మాత్రం ఒంటి మీదే ఉంచుకున్నాను. రెండు నిమిషాల పనే కదా అనుకున్నాను.

రెండు నిమిషాలు కాస్తా పావుగంట అయింది. ఒకాయన్ని పంపాక ఇంకొకాయన వచ్చారు. గస్ట్‌లు తగ్గేదాకా ఆయన ఆగారు, మేమూ ఆగాం. మూడో పైలట్ తన టర్న్ వదులుకుని పక్కకి జరిగారు. గాలి ఒక్కసారిగా నున్నగా అయింది. 16 మైళ్లు, సరిగ్గా ఎదురు. నేను పరుగున వెనక్కి వచ్చి, కంట్రోల్ ఫ్రేమ్‌లోకి దూరి, గ్లైడర్ ఎత్తుకున్నాను.

"అన్నా, హ్యాంగ్ చెక్ అయిందిగా?" అన్నాడు కుర్రాడు.

"అయిందిరా."

వాడి ప్రశ్నలో తప్పు లేదు. నా జవాబులో అబద్ధం లేదు.

రెండు సెకన్లు

ర్యాంప్ మీదకి వచ్చాక నాకొక అలవాటు ఉంది. పరుగుకి ముందు గ్లైడర్‌ని భుజాల మీంచి పైకెత్తుతాను. హుక్ అయి ఉంటే ఒక ఎత్తు దాటాక స్ట్రాప్ బిగుసుకుని, లెగ్ లూప్స్ తొడల్ని పైకి గుంజుతాయి. ప్యాంటు వెనక నుంచి ఎవరో పట్టి లేపినట్టుంటుంది. ఆ గుంజుడు తెలిస్తేనే "క్లియర్" అనాలి.

ఆ రోజూ ఎత్తాను. గుంజుడు తెలియలేదు.

ఈ కేసు మొత్తంలో నన్ను ఎక్కువగా భయపెట్టింది ఆ తర్వాత నా బుర్ర చేసిన పని. గుంజుడు లేదంటే హుక్ కాలేదని అర్థం. తొమ్మిదేళ్లుగా ఇంకొకళ్లకి ఇదే చెప్తున్నాను. కానీ ఆ క్షణంలో నాకు తోచింది అది కాదు. "సైడ్ వైర్లు పట్టుకున్నవాళ్లు గట్టిగా కిందికి లాగుతున్నట్టున్నారు, అందుకే పైకి రావట్లేదు" అనుకున్నాను. దాని వెనకే ఇంకో వివరణ వచ్చింది. చలికని లోపల మందపాటి ప్యాంటు వేసుకున్నాను, అందుకే తెలియట్లేదేమో. రెండూ నమ్మదగ్గవే. రెండూ గ్లైడర్‌ని నిర్దోషిని చేసేవే. ఉన్న ఒక్క సాక్షీ నిజం చెప్తుంటే, ఆ సాక్షి మాట ఎందుకు నమ్మక్కర్లేదో నేను కారణాలు వెతుకుతున్నాను.

చూపు గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, మీదే ఉంది. గాలి పోతుందేమోనని టెన్షన్.

ఏం తోచిందో గానీ, "కొంచెం పైకి వదలండి" అన్నాను సైడ్ వైర్ల వాళ్లతో. హుక్ కాలేదన్న అనుమానంతో కాదు, ఆ గుంజుడు తెలియకపోతే పరుగు సుఖంగా ఉండదని. అలవాటు బలం అనుకోండి. వాళ్లు వదిలారు. గ్లైడర్ లేచింది. నా మోచేతులు నిటారుగా అయ్యేదాకా లేచింది. తొడల దగ్గర దూదంత బరువు కూడా తెలియలేదు. మెడ మీద చలిగాలి తగిలింది. అప్పుడు అర్థమైంది.

"డౌన్. ముక్కు వదలొద్దు" అన్నాను. గొంతు నాదిలా లేదు. ముగ్గురూ కలిసి నన్నూ గ్లైడర్‌నీ వెనక్కి నడిపించారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

దూకి ఉంటే

గాలి 16 మైళ్లున్నప్పుడు నాలుగైదు అడుగుల పరుగుకే కాళ్లు నేల వదిలేస్తాయి. అప్పుడు నా బరువంతా చేతుల మీద పడేది. రెక్క నా బరువు లేకుండానే లేచిపోతుంది కాబట్టి ముందు పైకి పోయి, నేను బార్‌కి వేలాడగానే ముక్కు వంచి దూసుకెళ్లేది. స్టీరింగ్ అనేది ఉండదు, జరపడానికి ఒళ్లు స్వేచ్ఛగా ఉంటే కదా. ఛాతీ దగ్గర రిజర్వ్ పారాచూట్ ఉంది. దాన్ని లాగాలంటే ఒక చెయ్యి వదలాలి. కింద మొదట బండలు, తర్వాత చెట్లు.

2018లో స్విట్జర్లాండ్‌లో ఒక టూరిస్టుకి ఇదే జరిగింది. పైలట్ తను హుక్ అయ్యాడు, పక్కనున్న ప్రయాణికుణ్ణి తగిలించలేదు. ఆ మనిషి రెండు నిమిషాలకి పైగా ఒక చేత్తో బార్‌నీ, ఇంకో చేత్తో పైలట్‌నీ పట్టుకుని వేలాడి, దిగేటప్పుడు మణికట్టు విరగ్గొట్టుకుని ప్రాణాలతో బయటపడ్డాడు. వీడియో చాలామంది చూసే ఉంటారు. అక్కడ అంత బరువుతోనైనా గ్లైడర్‌ని నడపడానికి హుక్ అయి ఉన్న పైలట్ ఒకడున్నాడు. నా విషయంలో ఎవరూ లేరు.

కుర్రాడు చూశాడు

ట్రక్కు వెనక డోరు దించుకుని కూర్చున్నాం. ఫ్లాస్కులో టీ ఉంది, తాగాలనిపించలేదు. కాసేపాగి కుర్రాడు నోరు విప్పాడు.

"అన్నా, ఒక మాట చెప్తా, తిట్టకూడదు."

"చెప్పరా."

"మీరు ర్యాంప్ మీదికి పోయేటప్పుడు మీ వెనకాల ఆ కొక్కెం ఊగతా ఉండింది. చూశా."

"మరి చెప్పలేదేం?"

"మీకు తెలీకుండా ఉంటదా అనుకున్నా అన్నా. హార్నెస్‌లో ఇంకేదో స్ట్రాప్ ఏమోలే అని…"

చాలాసేపు నాకు మాట రాలేదు. వాడి కళ్లు సరిగ్గానే పనిచేశాయి. నోటికి అడ్డుపడింది నేను. తొమ్మిదేళ్ల సీనియర్‌ని, వాడు అన్నా అని పిలిచే మనిషిని. పెద్దవాళ్లకి తెలియకుండా ఉంటుందా అనే మాట మనలో ఎంత లోతుగా పాతుకుపోయిందో చెప్పక్కర్లేదు. ఆఫీసులో మేనేజర్ తప్పు లెక్క వేస్తున్నా మీటింగ్ అయ్యేదాకా నోరు మెదపం. ర్యాంప్ మీద మీటింగ్ అయ్యాక చెప్పే వీలు ఉండదు.

వాణ్ణి తిట్టలేదు. ఆ చనువు ముందే ఇవ్వాల్సింది నేను.

చెక్ ఎందుకు పనిచేయలేదు

దీన్ని మతిమరుపు అని కొట్టిపారేస్తే కేసు అర్థం కాదు. నాకు అన్నీ గుర్తున్నాయి. రెండింటికి హ్యాంగ్ చెక్ చేసుకున్నట్టు స్పష్టంగా గుర్తుంది, అదే నన్ను ముంచబోయింది. తాళం వేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చేవాడి ఇంట్లో దొంగలు పడరు. నాకు అనుమానమే రాలేదు. హార్నెస్ ఒంటి మీద ఉండటం కూడా ఒక రకం మోసం. ఒంటికి పట్టీలు బిగిసి ఉంటే, కట్టుబడి ఉన్నాననే భావన దానంతటదే వస్తుంది.

హ్యాంగ్ చెక్ చెల్లుబాటు కారబైనర్ విప్పిన క్షణంతో ముగిసిపోయింది. ఆ తర్వాత "అయిందిగా?" అని ఎవరు అడిగినా "అయింది" అనే వస్తుంది.

మా అమ్మ రాత్రి పడుకోబోయే ముందు గ్యాస్ సిలిండర్ నాబ్ చేత్తో తిప్పి చూస్తుంది. వంటింట్లో ఆఖరున ఉన్నది కోడలైనా, తనే అయినా అంతే. "కట్టేశావా?" అని ఎవర్నీ అడగదు. చిన్నప్పుడు ఇది చాదస్తం అనుకునేవాణ్ణి.

అమెరికా హ్యాంగ్ గ్లైడింగ్, పారాగ్లైడింగ్ సంఘం రేటింగ్ నిబంధనల్లో ఉన్నదీ అమ్మ పద్ధతే. ప్రతి ఫ్లైట్‌కీ, పరుగుకి సరిగ్గా ముందు, హుక్ అయి ఉన్నానని తేల్చుకునే ఒక పద్ధతి పైలట్ చూపించాలి. ఇది హ్యాంగ్ చెక్ కాదు, దానికి అదనం. చాలామంది, నాతో సహా, పరీక్షలో టిక్కు పెట్టించుకున్నాక ఈ రెండింటినీ కలిపేస్తారు.

మళ్లీ ఎక్కడం సరైనదేనా?

నలభై నిమిషాల తర్వాత ఎగిరాను. దీని మీద మా పైలట్లలో రెండు అభిప్రాయాలున్నాయి. ఆ రోజుకి గ్లైడర్ మడిచేయాల్సింది అన్నవాళ్ల మాటలో న్యాయం ఉందని ఇప్పుడనిపిస్తుంది. కారణం కింద చెప్తాను.

ఈసారి గ్లైడర్ ఎత్తాను, స్ట్రాప్ తొడల్ని గుంజింది, "క్లియర్" అన్నాను. నోస్ వైర్ మనిషి పక్కకి వంగాడు. నాలుగు అడుగులు, నేల లేదు. పైకి లేస్తుంటే మోగే పరికరం, వేరియో, కూత మొదలెట్టింది. కుడికి తిరిగి అంచు వెంట ఉత్తరంగా వెళ్లాను. గాలి పక్క నుంచి తోస్తుంటుంది కాబట్టి ముక్కు కాస్త లోయ వైపు పెట్టి, పీతలా ఏటవాలుగా పోవాలి. తిరిగేది ఎప్పుడూ లోయ వైపే. కొండ వైపు తిరిగితే గాలి వీపున పడి గోడకేసి కొడుతుంది. కొండకి వెనక్కి పోతే రోటర్, అంటే అంచు దాటాక సుడి తిరిగే గాలి. ఎదురుగా ఇంకో గ్లైడర్ వస్తే, కొండ ఎవరి కుడి చేతి వైపు ఉందో వాళ్లకి దారి. రెండో మనిషికి కుడికి తప్పుకోవడానికి ఖాళీ లోయ ఉంటుంది.

ర్యాంప్ కంటే అయిదారు వందల అడుగులు పైకి ఎక్కాక గాలి మెత్తబడింది. పడమట శాండ్ మౌంటెన్, దాని మీద కోళ్లఫారాల పొడవాటి రేకుల షెడ్లు ఎండకి మెరుస్తున్నాయి. పైనుంచి చూస్తే తణుకు పక్కన ఉన్నట్టే ఉంటుంది. కింద ఐ-59 హైవే మీద ట్రక్కులు చీమల బారు. మామూలుగా అయితే ఇక్కడ ఒక పేజీ వర్ణించేవాణ్ణి. ఆ రోజు మాత్రం ప్రతి రెండు నిమిషాలకి చెయ్యి వెనక్కి పెట్టి కారబైనర్ తడుముకున్నట్టు గుర్తు.

గంటా పది నిమిషాలకి దిగడానికి వచ్చాను. పొలం పక్కగా గాలివాలు వెళ్లి, అడ్డంగా తిరిగి, ఎదురుగాలికి ఫైనల్, అంటే దిగే ఆఖరి దారి, పట్టాను. కొండ మీద 16 మైళ్లున్నా లోయలో నేల దగ్గర గాలి దాదాపు లేదు. దిగేకొద్దీ గాలి తగ్గిపోతుంది కాబట్టి వేగం ఎక్కువే ఉంచుకోవాలి, అది చేశాను. ఆఖరున కంట్రోల్ ఫ్రేమ్ నిలువు గొట్టాల్ని ఒక్క ఊపున పైకి తోసి ఫ్లేర్ చేయాలి, అంటే ముక్కు లేపి గ్లైడర్‌ని ఆపాలి. అర సెకను ఆలస్యమైంది. బార్ గడ్డిలో తగిలి ముక్కు నేలకి కొట్టింది. దీన్ని మేం వాక్ (whack) అంటాం. ఒక నిలువు గొట్టం వంగింది, నా మోకాలు గీసుకుంది. ఆ గాలిలో, ఆ పొలంలో నేను అలా దిగి ఏళ్లయింది. మనసు ఇంకా ర్యాంప్ మీదే ఉంటే చేతులకి టైమింగ్ ఎక్కడినుంచి వస్తుంది?

మార్చుకున్నవి

కారబైనర్ విప్పితే హార్నెస్ కూడా విప్పేస్తున్నాను. ఆస్ట్రేలియా పద్ధతిలో హార్నెస్‌ని ముందు గ్లైడర్‌కే తగిలించి, తర్వాత అందులోకి దూరతారు. హార్నెస్ విప్పకుండా గ్లైడర్ నుంచి దూరం పోలేరు. నేను సగం ఆ పద్ధతిలోకి వచ్చాను. సగమే ఎందుకంటే, అందులో హడావిడిగా దూరేటప్పుడు లెగ్ లూప్స్ మర్చిపోయే ప్రమాదం ఉంది. ఏ పద్ధతిలోనైనా పరుగుకి ముందు గ్లైడర్ ఎత్తి చూడటం తప్పదు. గుంజుడు తెలియకపోతే ఎందుకు తెలియలేదని ఇప్పుడు ఆలోచించను, వెనక్కి వస్తాను. ఆలోచన ట్రక్కు దగ్గర.

వైర్లు పట్టేవాళ్లతో ముందే ఒక మాట అంటాను: నన్నేమీ అడగొద్దు, స్ట్రాప్ పట్టుకుని చూడండి, నచ్చకపోతే ముక్కు వదలొద్దు.

మొన్న ఏప్రిల్‌లో కుర్రాడు పెద్ద కొండ మీంచి మొదటిసారి దూకాడు. సాయంత్రం, మెత్తటి గాలి. నోస్ వైర్ నేనే పట్టాను. వాడి మొహంలో రక్తం లేదు, నా మొహంలో అంతకంటే లేదు. ఇన్ని నేర్చుకున్నవాణ్ణి, నోరు జారి "హుక్ అయ్యావురా?" అని అడిగేశాను.

వాడు జవాబు చెప్పలేదు. గ్లైడర్ పైకెత్తాడు. స్ట్రాప్ బిగిసింది, వాడి మడమలు నేల మీంచి కాస్త లేచాయి. "క్లియర్" అన్నాడు. నేను వైర్ వదిలేసి పక్కకి వంగాను.